మూడు రోజుల చదువు గది

చదువుకోవడానికి మంచి చోటు ఎలా అమర్చుకోవాలన్నది కోచింగ్ సెంటర్లో మాకు చెప్పిన మొదటి పాఠం. ఏలూరులో, ఆదివారాలు మాత్రమే జరిగే క్లాసులు. చెప్పే మాస్టారు నాకంటే బాగా చిన్నవాడు. బల్ల గోడవైపు వేసుకోవాలన్నాడు. వెలుతురు ఎడమచేతి వైపు నుంచి పడాలన్నాడు. ఫోను వేరే గదిలో పెట్టాలి, రోజూ అదే చోట అదే వేళకి కూర్చోవాలి, ఆ సమయంలో కదిలించవద్దని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పాలి. అందరం రాసుకున్నాం. నా పక్కన కూర్చున్నావిడ, ఆవిడకీ నా వయసే ఉంటుంది, నా వైపు వంగి, "ఈయనకింకా పెళ్ళి కాలేదనుకుంటానండీ" అంది. అప్పుడు నవ్వొచ్చింది కానీ, ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అదే తలుచుకుంటే నీరసం వచ్చింది. నలభై దాటిన ఆడది ఇంట్లో తనదంటూ ఒక గోడని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

నేను దెందులూరు దగ్గర హైవే పక్కనున్న ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆయన పురోహితులు. డీఎస్సీ రాసి ప్రభుత్వ బడిలో టీచరు కావాలన్నది పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. ఒకసారి రాస్తే పోయింది. ఒకసారి పురుడొచ్చి రాయలేకపోయాను. తర్వాత ఏళ్ళ తరబడి నోటిఫికేషన్ ఇదిగో అదిగో అన్నారు. చివరికి ఈసారి వస్తుందని తేలేసరికి నా వయసు పరిమితికి ఆనుకుని ఉంది. ఇది తప్పితే ఇక లేదు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు.

మాది సందులో పొడుగ్గా రైలు పెట్టెలా ఉండే ఇల్లు. వీధిగదిలో మా ఆయన, ఆయన పంచాంగం, ఆయన కోసం వచ్చేవాళ్ళు. నడిమి గదిలో అత్తగారి మంచం, టీవీ. ఆ వెనక పడకగది. దాని వెనక వంటిల్లు, వంటింట్లోనే ఒక మూల దేవుడి మందిరం. పెరట్లో నుయ్యి, నూతి పక్కన రేకుల గది. రేకుల గది సంగతి తర్వాత చెబుతాను.

నా కోసమని కొన్న బల్ల వారం తిరక్కుండా మా అమ్మాయిదైపోయింది. ఎవరూ లాక్కోలేదు. ఇంటర్ చదివే పిల్ల మంచం మీద వంగి రాసుకుంటుంటే తల్లి బల్ల వేసుకుని కూర్చుంటుందా? నేనే ఇచ్చేశాను. ఇచ్చాక పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను కూడా. తర్వాత వంటింట్లో బియ్యం డబ్బా మీద పుస్తకం నిలబెట్టి చదివాను. శిశు మనోవిజ్ఞానం పేజీల నిండా పసుపు వేలిముద్రలు. మేడ మీదకి వెళితే పక్కింటావిడ పిట్టగోడ అవతల వడియాలు ఎండబెడుతూ ఉంటుంది, పలకరించకపోతే బాగుండదు. గ్రంథాలయం తెరిచి ఉండే వేళకి నేను బడిలో ఉంటాను.

నిజానికి చోటు ఎక్కడైనా దొరుకుతుంది. చదువుకోవద్దని మా ఇంట్లో ఎవరూ అనరు కూడా. "చదువుకో, చదువుకో, నిన్నెవరు కదిలించారు" అంటూనే మా ఆయన పవిత్రాలకి తెచ్చిన దర్భకట్ట ఎక్కడ పెట్టానని అడుగుతారు. "చదువుకోమ్మా" అంటూనే అత్తగారు కాస్త పాలు చూడమంటారు. ఆయన ఊళ్ళకి పోతే ఫోను నా దగ్గరే. "ఏవండీ, పంతులుగారున్నారాండీ? మాది కొల్లేటి లంకండీ. చెరువులో చేపపిల్ల వెయ్యాలండీ, మంచిరోజు చెబుతారేమోనని..." అని అవతలి మనిషి అంత మెత్తగా అడుగుతుంటే విసుక్కోవడానికి నోరు రాదు. ఇవన్నీ చిన్నచిన్న పనులే. ఒక్కొక్కటీ రెండు నిమిషాలు పట్టదు. లేచి వచ్చాక మళ్ళీ ఆ వాక్యం దగ్గరికి చేరడానికి మాత్రం పావుగంట పడుతుంది.

తాడేపల్లిగూడెంలో మా పుట్టింట్లో నాకు బల్లా లేదు, గదీ లేదు. ఉల్లిపాయల లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లు. కానీ నేను పుస్తకం తీస్తే మా నాన్నగారు గొంతు తగ్గించి మాట్లాడేవారు. వచ్చినవాళ్ళకి చేత్తో సైగ చేసి, "పిల్ల చదువుకుంటోందండీ, అరుగు మీద కూర్చుందాం రండి" అనేవారు. ఆ మాటే నాకు గది. పెళ్ళయ్యాక ఆ మాట ఎవరూ అనలేదు. అనాలని వాళ్ళకి తోచలేదు, అనండని నేనూ అడగలేదు.

ఇప్పుడు రేకుల గది. మా ఇంట్లో ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు దూరంగా ఉండాలి. బయట చేరడం అంటాం. ఇంకా ఈ రోజుల్లో ఏమిటని అడిగేవాళ్ళు అడుగుతారు. పురోహితుడి ఇల్లు కదా, పెళ్ళికీ గృహప్రవేశానికీ మా ఆయన్ని పిలిచేవాళ్ళు ఇంట్లో మడి సాగుతోందా లేదా అని కూడా చూస్తారు. అంతకంటే ముందు మా అత్తగారు చూస్తారు. ఆవిడ ప్రాణం మడిలో ఉంటుంది. తడిబట్ట దండెం మీద ఆరేస్తే గాలికి కొంగు తగిలినా ఆవిడకి తెలిసిపోతుంది. ఆ మూడు రోజులూ నాకు రేకుల గదిలో చాప, ఒక కంచం, ఒక గ్లాసు. గడప అవతల నుంచి అన్నం పెడతారు. నేను ఏదీ ముట్టుకోకూడదు, నన్నెవరూ ముట్టుకోకూడదు. నాలుగోరోజు తలస్నానం చేసి లోపలికి రావాలి.

పెళ్ళయిన కొత్తలో ఆ గదిలో పడుకుని నేను పడిన అవమానం ఇంతా అంతా కాదు. కొబ్బరిపీచు, అరిటాకు చుట్టలు, విరిగిన పెళ్ళిపీటలు పడేసే గది అది. నన్నూ వాటితోపాటు అక్కడ పెట్టారని రాజుకునేదాన్ని. మా అమ్మాయి పెద్దదయ్యాక ఒప్పుకోలేదు. వంటింట్లోకీ మందిరం దగ్గరకీ రాను గానీ నా మంచం మీద నేను పడుకుంటానని తెగేసి చెప్పింది. అత్తగారు వారం రోజులు దానితో మాట్లాడలేదు, ఆ తర్వాత అలవాటుపడ్డారు. నాకు మాత్రం ఆ ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ పద్ధతి మంచిదని చెప్పడానికి నేనిది రాయడం లేదు.

కోచింగ్‌లో చేరిన మొదటి నెల, బయట చేరిన రోజున చేతిలో ఉన్న పుస్తకంతో సహా రేకుల గదిలోకి వెళ్ళాను. సాయంత్రానికి నాకే అనుమానమొచ్చింది, ఏమిటి ఇన్ని పేజీలు అయిపోయాయి అని. మధ్యలో ఒక్కరూ పిలవలేదు. పిలవడానికి లేదు. దర్భకట్ట నేను చూపించకూడదు. పాలు నేను చూడకూడదు. ఫోను నాకివ్వకూడదు. వీధిగదిలో ఎవరో వచ్చారు, కాఫీ అడిగారు, అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేవడం వినబడింది, నేను కదలకూడదు. మూడు రోజుల్లో శిశు మనోవిజ్ఞానం మొత్తం పూర్తయింది. నాలుగోరోజు తలస్నానం చేసి లోపలికి వస్తుంటే మొదటిసారి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాను.

ఆ తర్వాతి నెల ఆ గదిని అమర్చుకున్నాను. విరిగిన పెళ్ళిపీటలు రెండు పేర్చి వాటి మీద చెక్క వేస్తే బల్ల అయింది. దాన్ని గోడకి ఆనించాను. కిటికీ సరిగ్గా ఎడమవైపే ఉంది. మాస్టారు చెప్పినవన్నీ ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా కుదిరాయో లేదో గానీ మా రేకుల గదిలో కుదిరాయి.

అత్తగారు గడప దగ్గరికి వచ్చి చూసి, "పుస్తకం సరస్వతి కదమ్మాయ్, ఈ మూడు రోజులూ ముట్టుకోవచ్చునా?" అన్నారు. మా ఆయన్ని పిలిచారు. ఆయన గడ్డం గోక్కుని, "గైడు పుస్తకం సరస్వతి ఎలా అవుతుందమ్మా" అన్నారు. సరస్వతి కాదు గనక ముట్టుకోవచ్చన్నారు అత్తగారు. కానీ ఒకసారి ముట్టు తగిలిన పుస్తకం తిరిగి ఇంట్లోకి రావడానికి వీల్లేదు. బట్టలైతే తడిపి తెచ్చుకుంటాం, పుస్తకాన్ని తడుపుతామా? అందుకని ఆ గదిలోకి వెళ్ళింది ఆ గదిలోనే ఉండాలి. ఆ తీర్పు నాకు వరంలా వినబడింది. పుస్తకాలు, నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ మోసుకెళ్ళి అక్కడ సర్దేశాను. అవన్నీ అక్కడే ఉంటే మిగతా రోజుల్లో దేన్ని చదువుతానన్న ఆలోచన ఆ ఉత్సాహంలో రాలేదు. డిగ్రీ, బీఎడ్ చదివిన బుర్ర.

నేల చల్లగా ఉంటుందని అత్తగారే ఒక పాత ఏలూరు తివాసీ ముక్క తెచ్చి గడప అవతల నుంచి విసిరారు. "ఉన్నిది. ఉన్నికి ముట్టు లేదు, వాడుకో" అన్నారు. మా అమ్మాయి అక్కడే ఉంది. "అయితే బామ్మా, అమ్మకి ఒక ఉన్ని చీర కొనేద్దాం, గొడవ వదిలిపోతుంది" అంది. అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అలా కొన్ని నెలలు సాగింది. మిగతా రోజుల్లో పుస్తకం కావాలంటే రేకుల గదిలోకి వెళ్ళి చదువుకుని, మళ్ళీ స్నానం చేసి లోపలికి రావాలి. బడి నుంచి వచ్చి ఒక స్నానం, చదివి వచ్చాక ఇంకో స్నానం. జుట్టు ఆరే వీలులేక మెడలు పట్టేసేవి. ఆ అవస్థ పడలేక ఎక్కువగా ఆ మూడు రోజుల కోసమే కాచుకునేదాన్ని. పెళ్ళయిన నాటి నుంచీ ఎప్పుడు తప్పుతుందా అనుకున్న దాని కోసం క్యాలెండరు చూసుకోవడం మొదలుపెట్టాను.

నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష ఎండాకాలం చివర్లో అన్నారు. అప్పుడే నాకు నెల తప్పింది.

మొదట కాస్త ఆలస్యమనుకున్నాను. అత్తగారు నా ముఖం వంకా నడుం వంకా అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. ఈ వయసులో ఇదెక్కడి గొడవరా అని నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "ఏం లేదండీ, వయసు. ఇలాగే తప్పుతూ తప్పుతూ ఆగిపోతుంది" అంది. ఆవిడ అది శుభవార్తలాగే చెప్పింది. రెండేళ్ళ క్రితమైతే నాకూ శుభవార్తే. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుంటే మా ఆయన ఏమందని అడిగారు. చెప్పాను. "పోనీలే, ఒక బాధ వదిలింది" అన్నారు. ఆయన మీద కోపం కూడా రాలేదు, అంత అలిసిపోయి ఉన్నాను.

ఆ నెలన్నర నేను చదివింది దాదాపు ఏమీ లేదు. వైశాఖం, పెళ్ళిళ్ళ కాలం. ఆయన కైకలూరు వైపు ఒక రోజు, భీమడోలు వైపు ఒక రోజు. వీధిగది ఖాళీగా ఉంటే ఫోను మోగుతుంది, ఫోను ఆగితే మనుషులొస్తారు. బడికి సెలవులిచ్చారు కదా, ఇక తీరికే అని అందరూ అనుకున్నారు. మామిడికాయ తరగడం, కారం పట్టించడం, ఆవపిండి ఎండబెట్టడం అన్నీ నాకే వచ్చాయి. రేకుల గదిలోకి వెళ్ళినా పది నిమిషాలకో కేక. శుభ్రంగా ఉన్నదాన్ని కదా, పిలిస్తే పలకాలి. ఒకరోజు ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ, ఇక రాయనండీ, హాల్ టికెట్ తీసుకోనండీ అని మా ఆయనతో అన్నాను. "నీ ఇష్టం" అన్నారాయన. అత్తగారు మందిరం ముందు ఒత్తులు చేసుకుంటున్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, పరీక్షకి పది రోజులుందనగా జంగారెడ్డిగూడెం నుంచి మా ఆడపడుచు పిల్లలతో వస్తున్నానని ఫోను చేసింది. వేసవి సెలవుల్లో పుట్టింటికి రావడం ఆమె హక్కు, నేను కాదనడానికి లేదు. ఆమె వచ్చిన పొద్దున నేను వంటింట్లో ఇడ్లీపిండి కలుపుతున్నాను. రోహిణి కార్తె, తెల్లవారేసరికే చెమటలు. వీధిలో ఆటో ఆగింది. పిల్లల గోల. "వదినా, ముందు కాస్త కాఫీ పడెయ్యి, తల పగిలిపోతోంది" అన్న గొంతు గుమ్మంలోంచే వినబడింది.

అత్తగారు నడిమి గదిలోంచి లేచారు. గబగబా వంటింట్లోకి వచ్చారు, ఆ మోకాళ్ళతో అంత వేగంగా ఆవిడ నడవడం నేను చూడలేదు. నా చేతిలోని గరిటె లాక్కున్నారు. పెరటివైపు తోసినంత పని చేశారు. తర్వాత వీధి గుమ్మం వైపు తిరిగి, "మీ వదిన బయట చేరిందే. కాఫీ నేనిస్తానుండు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. నా చీర వంక చూసుకున్నాను కూడా. ఆవిడ నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి, "నిలబడతావేం, వెళ్ళి కూర్చో" అన్నారు.

నేను పెరట్లోకి వెళ్ళి రేకుల గదిలో కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి. ఆడపడుచు కష్టసుఖాలు వినబడుతున్నాయి. "చక్కగా పుట్టింటికొస్తే నాకీ చాకిరీ ఏమిటమ్మా" అంటోంది. "నాలుగు రోజులు చెయ్యి, అరిగిపోవులే" అంటున్నారు అత్తగారు. కన్న కూతురితో ఆవిడ అబద్ధమాడటం అదే మొదటిసారి అనుకుంటాను. చాలాసేపు పుస్తకం తెరవలేకపోయాను. చదువుకుంటోందంటే మా ఇంట్లో ఎవరూ ఆగరు, బయట చేరిందంటే అందరూ ఆగుతారు. ఆ సంగతి ఆవిడకి తెలుసని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం అన్నం ఆవిడే తెచ్చారు. గడప అవతల నిలబడి, కంచం నేల మీద పెట్టి, చేతికర్రతో లోపలికి జరిపారు. నాకు తగలకుండా, మామూలుగా ఎంత దూరం ఉంటారో అంత దూరంలో ఉండి.

"మనిద్దరికీ తెలుసు కదా అత్తయ్యగారూ, ఇంత దూరం ఎందుకండీ?" అన్నాను.

"అన్నాక ఉండాలి కదమ్మాయ్" అన్నారు.

అబద్ధమాడినా దానికి మడి తప్పనివ్వలేదు ఆవిడ. ఆ రాత్రి మా ఆయన ఊరి నుంచి వచ్చారు. తిథులూ నక్షత్రాలూ లెక్కపెట్టే మనిషికి పెళ్ళాం లెక్క తెలియదా? గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అమ్మ చెప్పింది" అన్నారు. "లోపల గాలి ఆడుతోందా?" అని అడిగారు. మర్నాడు పొద్దున్న టేబుల్ ఫ్యాను తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళారు. మా అమ్మాయి మంచినీళ్ళ కూజా పెడుతూ కన్నుగీటింది. తిలాపాపం తలా పిడికెడు.

మూడు రోజులైంది. నాలుగోరోజు పొద్దున నేను తలస్నానానికి నీళ్ళు తోడుకుంటుంటే అత్తగారు నూతి దగ్గరికి వచ్చి చేద పక్కకి పెట్టేశారు. ఆడపడుచు వంటింట్లోంచి, "వదిన ఇంకా లోపలికి రాలేదేమమ్మా?" అని అడిగింది. "దాని వయసుకి అలాగే ఉంటుందే. ఒకసారి మొదలైతే వారం పది రోజులు తగ్గదు. డాక్టరు కూడా చెప్పింది" అన్నారావిడ. ఆగిపోవడానికి డాక్టరమ్మ చెప్పిన కారణమే, ఆగకుండా వస్తోందని చెప్పడానికి పనికొచ్చింది. ఆడపడుచు పాపం నిజంగా బాధపడింది. బలానికి ఖర్జూరాలు పంపించింది.

ఆ రేకుల కింద మధ్యాహ్నం ఎండకి బుర్ర ఉడికిపోయేది. చదివింది సగం ఎక్కేది కాదు. నలభై దాటాక బుర్ర కూడా ఒళ్ళులాగే కూర్చుంటే లేవదు, లేస్తే కూర్చోదు. అయినా చదివాను. వంటింట్లో ఆవిడ మోకాళ్ళ మూలుగు వినబడుతుంటే చదవకుండా ఎలా ఉంటాను? ఒకరోజు సాయంత్రం ఆవిడ పని ముగించుకుని గడప అవతల పీట వేసుకుని కూర్చున్నారు. కాళ్ళు చాపుకుని కొబ్బరినూనె రాసుకుంటున్నారు.

"మీకెందుకండీ ఈ కష్టం" అన్నాను.

ఆవిడ మోకాలి మీదే చూపు పెట్టి, "ఈ గదిలో నేనేం చేసేదాన్నో తెలుసా?" అన్నారు.

"ఏం చేసేవారండీ?"

"నిద్రపోయేదాన్ని. ఆ రోజుల్లో ఇంటినిండా జనం. పదహారో ఏట వచ్చాను ఈ ఇంటికి. కంటినిండా నిద్రపోయింది ఆ మూడు రోజులే. ముట్లుడిగాక మళ్ళీ అలాంటి నిద్ర ఎరగను. నీకు నిద్ర వద్దు, చదువు కావాలి. చదువుకో."

అని లేచి, పీట కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద జాలా, నా మీద జాలా అంటే చెప్పలేను. ఇన్నేళ్ళు ఆవిడ నన్ను ఈ గదిలోకి తోస్తున్నారని అనుకున్నాను. తోశారు కూడా, అది అబద్ధం కాదు. ఆ గదిని ఆవిడ ఇంకోలా కూడా ఎరుగుదురని మాత్రం నేను అనుకోలేదు.

పరీక్షకి రెండు రోజుల ముందు ఆవిడే తలస్నానం చెయ్యమన్నారు. పెళ్ళికి వెళ్ళిన చోట ఆయన చిక్కుకుపోవడంతో పరీక్షకి ఒక్కదాన్నే బస్సులో వెళ్ళొచ్చాను. కంప్యూటరు ముందు కూర్చుంటే చల్లటి గదిలో కునుకు పట్టినంత పనైంది. చివర్లో కొన్ని ప్రశ్నలకి టైము చాలలేదు. వచ్చి ఎలా రాశానో చెప్పడానికి కూడా ఓపిక లేక పడుకున్నాను. అత్తగారు ఆ పూట కూడా నన్ను లేపలేదు.

ఫలితాలు రావడానికి వానాకాలం సగం దాటింది. ఈలోగా వినాయకచవితి వస్తోందనగా అత్తగారు మా ఆయన్ని పిలిచి, చవితి మర్నాడు తనచేత ఋషిపంచమి వ్రతం చేయించమన్నారు. బయట చేరిన రోజుల్లో తెలిసో తెలియకో దేన్నయినా ముట్టుకున్న తప్పు పోవడానికి ఆడవాళ్ళు చేసే వ్రతం అది. ఆవిడ ఎప్పుడో చేసేశారు. ఉద్యాపన కూడా మా మామగారు ఉండగానే అయిపోయింది.

"మళ్ళీ ఎందుకమ్మా నీకు?" అన్నారాయన.

"చేయించరా అంటే" అన్నారావిడ.

ఆ రోజు పొద్దున్నే ఉత్తరేణి పుల్లలతో పళ్ళు తోముకుని, ఉత్తరేణి ఆకులు నెత్తిన పెట్టుకుని నూతి దగ్గర స్నానం చేశారు. నీళ్ళు నేనే తోడి పోశాను. ఎనభైకి దగ్గరవుతున్న మనిషి, పళ్ళు గిట్టకరిచి వణుకుతూ చెంబు తర్వాత చెంబు పోయించుకున్నారు. చాలండీ అంటే ఊరుకోలేదు. తడిబట్టతో పీట మీద కూర్చున్నారు. మా ఆయన సంకల్పం చెప్పడం మొదలుపెట్టి, తెలిసీ తెలియక అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"తెలియక అనకురా. తెలిసే చేశాను. లేని ముట్టు ఉందన్నాను."

ఆయన చేతిలోని అక్షింతలు తిరిగి పళ్ళెంలో వేసేశారు. "అలాంటి తప్పుకి సంకల్పం లేదమ్మా నా దగ్గర" అన్నారు.

"అయితే మామూలుదే చెప్పు. దేవుడు అర్థం చేసుకుంటాడులే. దీని ఫలితాలు రావాల్సి ఉంది. నా అబద్ధం పోయి దీని మార్కులకి తగలకూడదు."

నేను పక్కనే పూలబుట్ట పట్టుకుని ఉన్నాను. అప్పటిదాకా అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఆవిడని లోలోపల తేలిగ్గానే వేళాకోళం చేసుకున్నాను. ఆ మాట విన్నాక తలెత్తలేకపోయాను. ఆవిడ ఆ రోజంతా నాగలి తగలని పంటే తినాలని కందమూలాలు ఉడకబెట్టుకుని, పొద్దుపోయాక రెండు ముక్కలు తిన్నారు.

ఫలితాలు వచ్చాయి. నాకు రాలేదు. కటాఫ్‌కి కాస్త కింద ఆగిపోయాను. మా అమ్మాయి ఫోనులో రెండుసార్లు చూసి, మూడోసారి చూడబోతే వద్దన్నాను. ఎంత కొద్దిలో పోయిందో అందరూ చెబుతూనే ఉన్నారు, ఎంత కొద్దిలో పోతే అంత ఎక్కువ నొప్పని వాళ్ళకి తెలియదు. మళ్ళీ రాయడానికి వయసు లేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే దెందులూరు బస్సెక్కి బడికి వెళ్ళాను, పాఠం చెప్పాను, వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు నడిమి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. టీవీ లేదు, చేతిలో ఒత్తులు లేవు. ముందురోజు నుంచీ ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తన పాపమే తగిలిందని కుమిలిపోతున్నారేమోనని భయపడ్డాను. పక్కన కూర్చుని, "మీ వల్ల కాదండీ అత్తయ్యగారూ. నాకు టైము చాలలేదంతే. ఇంకొంచెం చదివి ఉంటే వచ్చేది" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఆడించారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడంతట ఆవిడ అలా పట్టుకోవడం అరుదు.

"అదే అనుకుంటున్నానమ్మాయ్. ఇంకో వారం ముందు నుంచి చెప్పాల్సింది" అన్నారు. "ఎలాగూ వ్రతం చేసేదాన్నే కదా."